డెబ్బై గ్లాసులకి నీళ్ళెన్ని?

ఫిబ్రవరి 4

మామయ్యకి నమస్కారాలు.

కాలి కట్టు ఇంకా విప్పలేదని మీ ఆసుపత్రి నర్సమ్మ రాసింది. నిచ్చెన ఎక్కి పై అరలో సీసా అందుకోబోయి పడ్డారట. ఉద్యోగం మానేసి రెండేళ్ళయింది కదా, ఇంకా పై అరలో సీసాలెందుకని నేను అడగను. అడిగినా మీరు చెప్పరు.

ఫోన్ చేద్దామంటే మీకు వినపడదు. ముప్పయ్యొక్క ఏళ్ళు హోటల్ బారులో బ్యాండు పక్కనే నిలబడి గ్లాసులు నింపిన చెవులాయె. అందుకే ఈ ఉత్తరం.

నా పెళ్ళి కుదిరింది. శుభలేఖ నమూనా ఇందులో పెట్టాను, అడ్రసులు సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి. నలభై మూడేళ్ళకి పెళ్ళేమిటని నవ్వకండి. పెళ్ళికొడుకెవరో తెలిస్తే ఎలాగూ నవ్వుతారు. ఆయనది పాల డెయిరీ. నేను ఫుడ్ ఇన్‌స్పెక్టర్ని. పాలలో నీళ్ళు కలిపినందుకు ఆయన మీద పదకొండు కేసులు రాసింది నేనే. పదకొండు సార్లు నా ఎదురుగా కూర్చుని, మారు మాట్లాడకుండా సంతకం పెట్టారు. పన్నెండోసారి కేసేమీ లేకుండానే వచ్చి కూర్చున్నారు. "ఇకమీదట దేంట్లోనూ నీటిచుక్క కలపను. మాటిస్తున్నాను" అన్నారు. నాలుగేళ్ళయింది. ఆ మాట తప్పలేదు. నెలనెలా పరీక్ష చేస్తున్నాను కాబట్టి నమ్మకంగా చెబుతున్నాను.

చిక్కంతా మా రెండు వైపుల వాళ్ళతోనే. పోయిన నెల పరిచయాలకని మా ఆఫీసు వాళ్ళనీ వాళ్ళ డెయిరీ వాళ్ళనీ కలిపి కూర్చోబెట్టాం. ఎవరో విస్కీ తెచ్చారు. రెండో గ్లాసుకి మా గుమాస్తా పెళ్ళికొడుకు పెద్దన్నయ్యని "నీళ్ళ వ్యాపారీ" అని పిలిచాడు. మూడో గ్లాసుకి ఆ పెద్దన్నయ్య మా గుమాస్తా కళ్ళజోడు లాగి కేకులో గుచ్చాడు. తర్వాతది రాయను.

సరే, మందే లేకుండా మళ్ళీ పిలిచాం. గంటన్నర సేపు ఒక్కరూ నోరు తెరవలేదు. గోడ గడియారం చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఇప్పుడు ఆయన తల్లి ఆఖరి మాటగా చెప్పింది. మార్చి మూడో తేదీ ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఇంకొక్కసారి అందరూ కలవాలి. గొడవైతే సంబంధం లేదు, మౌనంగా కూర్చున్నా సంబంధం లేదు. డెబ్బై మంది వస్తారు. మామయ్యా, నాకు డెబ్బై గ్లాసుల మందు ఒకే డ్రమ్ములో కావాలి. తేలిగ్గా ఉండాలి. తాగితే నోరు తెరుచుకోవాలి, చెయ్యి లేవకూడదు.

మీ మేనకోడలు


ఫిబ్రవరి 9

కోడలు పిల్లా!

నీ ఉత్తరం చదివి కాలి సంగతే మర్చిపోయి లేచి నిలబడబోయాను. నర్సమ్మ తిట్టిన తిట్లు ఈ చెవులకే వినపడ్డాయంటే చూసుకో. పెళ్ళికొడుకు సంగతికి నవ్వానా? నవ్వాను. పక్క మంచాల వాళ్ళకి కూడా చదివి వినిపించాను. వాళ్ళూ నవ్వారు. కానీ ఆ పన్నెండోసారి సంగతి దగ్గరికొచ్చేసరికి అందరూ ఇంకోసారి చదవమన్నారు. ఎందుకో తెలియదు.

నోరు తెరుచుకోవాలి, చెయ్యి లేవకూడదు! ముప్పయ్యొక్క ఏళ్ళలో ఇంత చక్కగా ఆర్డరిచ్చినవాడు ఒక్కడూ లేడు. "ఏదో ఒకటి గట్టిగా కొట్టవయ్యా" అనేవాళ్ళే అందరూ.

రాసుకో. ఇది ఒక గ్లాసుకి. మూలికల వైను నాలుగు లెక్కలు. జిన్ను ఒక్కటే లెక్క. అంతకు మించితే నేను ఒప్పుకోను. చల్లారిన పలచటి టీ అరగ్లాసు. నిమ్మరసం ఒక చెంచా, తేనె వేలికి అంటినంత. మందు తక్కువైందని ఎవడికీ తెలియకూడదంటే నాలుక మీద ఏదో ఒకటి వగరుగా తగలాలి. ఆ పని టీ చేస్తుంది.

లెక్క అంటే ఏమిటంటావేమో. మందుని కొలపాత్రలో కొలిచి పోసేవాడు బారుకి పనికిరాడు. సీసా మూతికి సన్న గొట్టం పెట్టి, వంచి, లోపల లెక్కపెట్టుకోవాలి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగయ్యాక మణికట్టు తిప్పితే ధార తెగాలి. డెబ్బైకి కావాలంటే అన్నిటినీ డెబ్బైతో హెచ్చవేసుకో.

ఇక అసలు రహస్యం, ఎవరికీ చెప్పకు. ఒక్క గ్లాసు చేసేటప్పుడు ఐసు వేసి గిలక్కొడతాం కదా, అప్పుడు ఐసు కరిగి నీళ్ళు దిగుతాయి. తాగేవాడికి తెలియదు గానీ వాడి గ్లాసులో ఐదో వంతు నీళ్ళే. డ్రమ్ముని గిలక్కొట్టే మొనగాడు ఇంకా పుట్టలేదు. కాబట్టి ఆ నీళ్ళు మన చేత్తో మనమే పొయ్యాలి. నాలుగు వంతుల మందుకి ఒక వంతు మంచినీళ్ళు, చల్లగా. అవి లేకపోతే అది మందు కాదు, దెబ్బలాట.

ముందు పది గ్లాసులకి చేసి చూసుకుని రాయి.

మంచం మీద నుంచే నీ పెళ్ళి నడిపిస్తున్న,
మామయ్య


ఫిబ్రవరి 13

మామయ్యకి నమస్కారాలు.

మీరు చెప్పినట్టే పది గ్లాసులకి చేశాం. ఆఫీసు వెనక పరీక్షల గదిలో, భోజనాల విరామంలో. లెక్క తప్పకూడదని మా శాఖ పద్ధతిలోనే చేశాను. నేను సీసా వంచి "ఒకటి" అంటే, గుమాస్తా "ఒకటి" అని తిరిగి చెప్పాడు, ప్యూను పుస్తకంలో "ఒకటి" అని రాసి చూపించాడు. ఆ తర్వాతే "రెండు". ముగ్గురం సంతకాలు పెట్టాం.

పది గ్లాసులకే జిన్ను ఒక సీసా, వైను నాలుగు సీసాలు ఖాళీ అయ్యాయి. పది గ్లాసులకి చేస్తే పాతిక వచ్చాయి. మీ హోటల్లో గ్లాసులు ఎంత పెద్దవి మామయ్యా? తేలికగా ఉండాలన్నాను కదా అని సందేహం వచ్చింది గానీ, మీ విద్య ముందు నా సందేహమెంత అనుకున్నాను. గుమాస్తా సగం గ్లాసు తాగి, నిలబడే నిద్రపోయాడు. బీరువాకి ఆనించాం.

నీళ్ళ మాట మాత్రం నా వల్ల కాదు. ఎంతమంది చేత "ఇంకెప్పుడూ పొయ్యనమ్మా" అనిపించాను! ఈ చేత్తో చెంబు పట్టుకుని పొయ్యమంటారా? చెంబు దాకా చెయ్యి వెళ్ళింది, అక్కడే ఆగిపోయింది. మా పెద్ద ఇన్‌స్పెక్టరు గారు కూడా పార్టీకి వస్తున్నారు. తన సొంత బావమరిది మీద కూడా కేసు రాసిన మనిషి.

మీరు రుచి చూస్తే గాని తేలదని నమూనా పంపుతున్నాను. నిబంధన ప్రకారం మూడు సీసాలు, లక్క సీళ్ళతో. ఒకటి పరీక్షకి, ఒకటి ముద్దాయికి, ఒకటి కోర్టుకి. మీరు పరీక్షది మాత్రమే తెరవండి.

మీ మేనకోడలు


ఫిబ్రవరి 18

ప్రియాతిప్రియమైన నా బంగారు కోడలు పిల్లా,

పరీక్ష సీసా తాగాను. తేలలేదు. ముద్దాయి సీసా తాగాను. కోర్టు సీసా పక్క మంచం ఆయనకీ నాకూ సగం సగం. ఇప్పుడు తేలింది.

ఇది నా మందు కాదే! నేను చెప్పింది పూలతీగ, నువ్వు పంపింది గునపం. ఎవడు నేర్పాడు నీకిది? నేను చెప్పలేదు. నాకు తెలుసు ఎవడో. ఆ డెయిరీవాడు! నీళ్ళు వద్దని నువ్వెందుకంటావు, చిన్నప్పుడు సగ్గుబియ్యం జావలో కూడా నీళ్ళు పోయించుకున్న పిల్లవి? వాడే వద్దన్నాడు. వాడు తాగుబోతు. పదకొండు సార్లు పాలలో నీళ్ళు పోసినవాడు మందులో మాత్రం ఒక్క చుక్క పొయ్యనివ్వడం లేదంటే వాడి బుద్ధి ఎటువంటిదో ఈ మంచం కోడుకి కూడా అర్థమవుతుంది. మంచం కోడు ఇప్పుడు రెండుగా కనిపిస్తోంది, రెండూ ఒప్పుకున్నాయి.

నాకు నువ్వు తప్ప ఎవరున్నారే. మీ అమ్మ పోయేటప్పుడు నీ చెయ్యి నా చేతిలో పెట్టింది. నిన్ను తాగుబోతు చేతిలో పెడతానా? అందుకని శుభలేఖలో అడ్రసు చూసి వాళ్ళమ్మకి ఒక ఉత్తరం ముక్క రాశాను. బాగా రాశాను. ఏం రాశానో గుర్తులేదు. నర్సమ్మ పోస్టు చేసింది.

నీ నీ నీ
మామయ్య


ఫిబ్రవరి 20

మామయ్యకి నమస్కారాలు.

మీ జవాబు ఇంకా రాలేదు. ఈ లోపల ఒక ఆలోచన వచ్చింది.

నీళ్ళు పొయ్యడం నాకు చేతకాదు కాబట్టి, చేతనైన మనిషినే అడిగాను. డెయిరీకి వెళ్ళి ఆయనతో చెప్పాను, "మీకు అలవాటైన పనే కదా, ఈ ఒక్కసారికి" అని. ఆయన పాల క్యాన్ల మధ్య నిలబడి రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నారు. "మీకు మాటిచ్చాను. ఒక్కసారి పోస్తే మళ్ళీ పొయ్యనని మీరెలా నమ్ముతారు?" అన్నారు. కళ్ళనీళ్ళ పర్యంతం అయింది. నాకా, ఆయనకా అని అడగకండి.

అందుకని ఐసు సంగతి. పెద్ద ఐసు గడ్డ డ్రమ్ములో వేసి వదిలేస్తే, అదే కరుగుతుంది. నీళ్ళు పోసినట్టూ కాదు, పొయ్యనట్టూ కాదు. గుమాస్తా చట్టం పుస్తకమంతా వెతికాడు, గడ్డ గురించి ఎక్కడా లేదట. ఇది కుదురుతుందా? వెంటనే రాయండి.

మీ మేనకోడలు

తా.క. గుమాస్తా మెడ పట్టేసింది. బీరువాకి ఆనించి నిద్రపోయినందుకు.


ఫిబ్రవరి 23

కోడలా,

కొంప ముంచాను.

మూడు రోజులు తలనొప్పి. తగ్గాక నీ పదమూడో తేదీ ఉత్తరం మళ్ళీ చదివాను. నువ్వు "ఒకటి" అనాలి, వాడు "ఒకటి" అనాలి, ఇంకొకడు రాసి చూపించాలి! ఈలోగా సీసా వంచే ఉంచావా? తల్లీ, నా లెక్క అంటే గుటక మింగినంత సేపు. మీ లెక్క ఒకటి అయ్యేలోగా నేను ఐదు గ్లాసులు అందించి, చిల్లర ఇచ్చి, బల్ల తుడిచి, బ్యాండువాడికి నమస్కారం పెట్టి వస్తాను. ఒక లెక్కకి ఐదు లెక్కల మందు పడింది. తప్పు నాది. ప్రభుత్వోద్యోగులకి చెబుతున్నానన్న సంగతి మర్చిపోయాను. కొలపాత్రతోనే కొలువు. ఒక లెక్క అంటే పదిహేను మిల్లీలీటర్లు. ఈ మాట రాయడానికి నా చెయ్యి ఎంత బాధపడిందో నీకు తెలియదు.

ఐసు గడ్డ వద్దు. అది దాని ఇష్టం వచ్చినప్పుడు కరుగుతుంది. ముందొచ్చిన వాళ్ళకి గునపం, ఆఖరున వచ్చిన వాళ్ళకి కుళాయి నీళ్ళు. ముందువాళ్ళు కొట్టుకుంటారు, వెనకవాళ్ళు ఆవులిస్తారు. రెండిట్లో ఏదైనా ఆవిడ సంబంధం వద్దంటుందన్నావు కదా. నీళ్ళు పొయ్యాల్సిందే.

ఆ కుర్రాడు చేతులు వెనక్కి పెట్టుకున్నాడని చదివాక నాకు నా మీదే అసహ్యమేసింది. వాడు తాగుబోతు కాడు. వాళ్ళమ్మకి వెళ్ళిన ఉత్తరాన్ని ఎలాగైనా ఆపు. ఆవిడ చదవకముందే పోస్టుమాన్ దగ్గరే పట్టుకో.

సిగ్గుతో,
మామయ్య


ఫిబ్రవరి 27

మామయ్యా,

పోస్టుమాన్ని పట్టుకోలేదు. ఉత్తరం ఆరు రోజుల క్రితమే అందింది. ఆవిడ దాన్ని డెయిరీ వాళ్ళందరినీ కూర్చోబెట్టి చదివించింది. మీరు ఏం రాశారో గుర్తులేదన్నారు కదా, నాకు కంఠతా వచ్చింది. తాగుబోతు మాట మర్చిపోయారు గానీ, ఇది రాశారు. "మా పిల్ల చచ్చినా నీళ్ళు కలపదు. నీళ్ళంటేనే దానికి ఒళ్ళు మంట. దానికి కారణం మీ ఇల్లే." సంతకం కింద ఏనుగు బొమ్మ కూడా వేశారు. అది ఏనుగో, మీ కాలి కట్టో ఎవరికీ తేలలేదు.

నిన్న ఆవిడ నన్ను పిలిపించింది. మనిషి నా భుజం దాకా కూడా రాదు. పాలలో వేలు ముంచి నీళ్ళ వంతు చెప్పగలదని మా శాఖలో కూడా పేరుంది. అరవలేదు. మెల్లగా అడిగింది. "అమ్మా, మావాడు నాలుగేళ్ళుగా కలపడం లేదు. అయినా నీ మనసులో మేం ఇంకా దొంగలమేనా? నీళ్ళు ముట్టుకుంటే మాలాంటి దానివి అయిపోతానని భయమా?"

కాదని చెప్పబోయి మానుకున్నాను. ఎందుకంటే అది కొంచెం నిజం, మామయ్యా. మీ దగ్గర కాకపోతే ఎవరి దగ్గర ఒప్పుకుంటాను?

"ఆదివారం అందరి ఎదుటా, మీ పెద్దాఫీసరు చూస్తుండగా, నీ చేత్తో ఆ డ్రమ్ములో నీళ్ళు పొయ్యి. పోస్తే నా కోడలివి. పొయ్యకపోతే ఇన్‌స్పెక్టరువి. టీ తాగి వెళ్ళు" అంది. టీ ఇచ్చింది. చాలా బాగుంది. అందులో నీళ్ళు ఎన్నో కూడా నాకు తెలుసు. ఈ బుద్ధి ఎప్పటికి పోతుందో నాకు!

పోస్తే ఉద్యోగంలో తలెత్తుకోలేను. పొయ్యకపోతే ఆయన నాకు దక్కరు. ఇప్పుడు చెప్పండి ఏం చెయ్యమంటారో. ఏనుగు బొమ్మ వెయ్యకుండా చెప్పండి.

కోపంగానే,
మీ మేనకోడలు


మార్చి 1

కోడలు పిల్లా,

పొయ్యి.

నేను అన్నేళ్ళూ ఐదో వంతు నీళ్ళు అందించాను. మీ శాఖ వాళ్ళు ఎంతోమంది నా బల్ల ముందు కూర్చుని తాగి, బాగుందని వెళ్ళారు. దాచిపెట్టి పోస్తే మోసం. ఇదిగో పోస్తున్నాను అని చెప్పి పోస్తే అది వంట. ఈ చిన్న తేడా నీకు చిన్నప్పుడే చెప్పాల్సింది. మీ అమ్మ ఉంటే చెప్పేది.

ఈ ఉత్తరం ఆదివారం లోపల అందాలని నర్సమ్మని పరిగెత్తిస్తున్నాను.

మామయ్య


మార్చి 5

మామయ్యకి,

మీ ఉత్తరం సోమవారం అందింది. కాబట్టి ఆదివారం మీరు నాకు ఏమీ చెప్పలేదు. జరిగింది వినండి.

మా ఆఫీసు మేడమీద హాల్లో ఇటు మావాళ్ళు, అటు వాళ్ళవాళ్ళు, మధ్యలో బల్ల మీద డ్రమ్ముకి బదులు కొత్త పాల క్యాను. పొద్దున్నే మీ పాళ్ళ ప్రకారం మిల్లీలీటర్లలో కొలిచి కలిపి, మూతకి లక్క సీలు వేశాను. నీళ్ళు పొయ్యలేదు. పక్కన మూడు లీటర్ల జగ్గు నిండా చల్లటి నీళ్ళు పెట్టాను. డెబ్బై మందీ క్యాను వైపు చూడటం లేదు. జగ్గు వైపే చూస్తున్నారు.

సరిగ్గా నాలుగింటికి ఆయన తల్లి లేచి, "సీలు తియ్యమ్మా" అంది. తీశాను. ఒక చెంచాడు నాలుక మీద వేసుకుని, "నీళ్ళు లేవు" అంది. అటువైపంతా గుసగుసలు. మా పెద్దాయన, అదే పెద్ద ఇన్‌స్పెక్టరు గారు, కళ్ళజోడు పెట్టుకుని కుర్చీ ముందుకి జరుపుకున్నారు.

జగ్గు ఎత్తాను. మోకాళ్ళు వణికాయి. నా ముందు సంతకాలు పెట్టినవాళ్ళందరి మోకాళ్ళూ ఇలాగే వణికి ఉంటాయని అప్పుడు తెలిసింది. ఒక్కసారి కూడా బల్ల కింద చూడలేదు కదా అని చాలా బాధ వేసింది. "నీళ్ళు పోస్తున్నాను" అని గట్టిగా చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. అప్పటికి మీ ఉత్తరం రాలేదు.

వంచాను. సగంలో చేతులు పట్టు తప్పాయి, జగ్గు జారింది. కింద నుంచి ఇంకో రెండు చేతులు వచ్చి పట్టుకున్నాయి. తలెత్తి చూడక్కర్లేదు, ఆ చేతులు నాకు తెలుసు, పదకొండు సార్లు సంతకం పెడుతుంటే చూశాను. ఇద్దరం కలిసి పోశాం. ఆవిడ "చాలు" అన్నచోట ఆపాం. మా పెద్దాయన ఉండబట్టలేక లేచి వచ్చి కొలిచారు. సరిగ్గా ఐదో వంతు. ఆవిడ మిగిలిన నీళ్ళ వైపు చూసి ఎన్నున్నాయో చెప్పింది. వాటినీ కొలిచారు. అదీ సరిపోయింది. పెద్దాయన మొహంలో అంత భక్తి నేను ఎప్పుడూ చూడలేదు.

మీ మందు చెప్పిన పని చేసింది మామయ్యా. రెండో గ్లాసుకి మా గుమాస్తా, ఆయన పెద్దన్నయ్యా ఒకే బెంచీ మీద ఉన్నారు. మూడో గ్లాసుకి పెద్దన్నయ్య చెయ్యి గుమాస్తా కళ్ళజోడు మీదకి వెళ్ళింది. హాలంతా లేచి నిలబడింది. పెద్దన్నయ్య కళ్ళజోడు తీసి, ఊది, తన చొక్కాతో తుడిచి, మళ్ళీ జాగ్రత్తగా పెట్టాడు. గుమాస్తా ఏడ్చాడు. మెడ నొప్పి వల్ల అని చెప్పాడు.

అంతటితో అయిపోతే బాగుండేది. ఐదింటికి ఆవిడ గ్లాసు కింద పెట్టి మా పెద్దాయనని అడిగింది. "అయ్యా, నీళ్ళు కలిపితే నోటీసు కదా. మావాడికి పదకొండు ఇచ్చారు. ఈ పిల్ల మీ కళ్ళ ముందే కలిపింది. మా ఇంటి పిల్ల కాబోతోంది. మాకో న్యాయం, దానికో న్యాయమా?"

పెద్దాయన ఆలోచించారు. "నిజమేనమ్మా" అని సంచిలోంచి నోటీసుల పుస్తకం తీశారు. పార్టీకి కూడా తెచ్చారు! అటువైపు వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆశ్చర్యం ఏమిటంటే మావాళ్ళు ఇంకా గట్టిగా కొట్టారు. రాయడం మొదలుపెట్టారు. ముద్దాయి పేరు, నా పేరు. కల్తీ చేసిన పదార్థం దగ్గర కాస్త ఆగి, "మామయ్య మందు" అని రాశారు. "సహకరించినవారు ఎవరైనా ఉన్నారా?" అని చదివారు.

"నేనున్నాను సార్" అని ఆయన ముందుకొచ్చారు. "జగ్గు పట్టుకున్నాను. మాట తప్పాను. రాయండి."

"రెండో ముద్దాయి" అని రాసుకున్నారు పెద్దాయన. "ఒకటో ముద్దాయికి ఏమవుతారు?"

"కాబోయే భర్త" అన్నాను నేను.

పెద్దాయన కలం ఆపారు. "జరగనిది ఫారంలో రాయకూడదు. నీకు తెలియనిదా అమ్మా? భర్త అని రాయనా? ఏమీ కాడని గీత కొట్టనా?"

ఆవిడ నన్నే చూస్తోంది. ఆయన మాత్రం నా వైపు చూడలేదు. తడిసిన చేతులు తుడుచుకోకుండా అలాగే నిలబడ్డారు. తప్పుడు వివరం రాయిస్తే అది ఇంకో నేరం. ఆ సంగతి అక్కడున్న అందరికంటే నాకే బాగా తెలుసు.

"భర్త అని రాయండి సార్" అన్నాను.

రాశారు. నేను సంతకం పెట్టాను, ఆయన పెట్టారు. సాక్షుల గడిలో ఆయన తల్లి అందరికంటే ముందు కలం అందుకుంది.

కాబట్టి మామయ్యా, ఇరవయ్యో తేదీకి మీరు కర్ర పట్టుకునైనా రావాలి, పెళ్ళి చూడాలి. కానీ ఆఫీసు రికార్డు ప్రకారం ఆదివారం సాయంత్రం ఐదుంపావుకే నాకు పెళ్ళయిపోయింది. కార్బన్ కాపీ జతచేస్తున్నాను.

మీ మేనకోడలు,
ఒకటో ముద్దాయి